ఇవి బ్యాక్టీరియా కాదు! గోబర్ గ్యాస్ నుంచి మన కడుపు దాకా ఆర్కియా కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక ఆరిపోయిన పొయ్యితో మొదలుపెడదాం.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సంక్రాంతి సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళాను. వాళ్ళింటి వెనకాల గోబర్ గ్యాస్ ఉండేది. పాత మోడల్. మీలో చాలామంది చూసి ఉండరు కాబట్టి చెప్తాను. భూమిలో బావిలాంటి గుంత, దాని మీద బోర్లించిన పెద్ద ఇనప డ్రమ్ము. పక్కన చిన్న కుండీలో పేడ, నీళ్ళు సమానంగా కలిపి లోపలికి వదులుతారు. గ్యాస్ తయారైన కొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది. పొద్దున్నే డ్రమ్ము ఎంత లేచిందో చూసి, "ఇవాళ రెండు పూటలకీ సరిపోతుంది" అని అమ్మమ్మ లెక్క చెప్పేది. మనం ఫోన్‌లో బ్యాటరీ పర్సెంటేజ్ చూసుకున్నట్టు.

ఆ ఏడు డ్రమ్ము కిందకి దిగి కూర్చుంది. లేవదు. పొయ్యి వెలిగిస్తే భుక్కుమని ఆరిపోతుంది. సంగతేంటంటే, పండక్కి శుభ్రంగా ఉండాలని మామయ్య గేదెల కొట్టాన్ని ఫినాయిల్ పోసి కడిగాడు. ఆ నీళ్ళన్నీ తిన్నగా కుండీలోకి పోయాయి. పైగా చలి. చివరికి దాన్ని కట్టిన మేస్త్రినే పిలిపించారు. ఆయన కుండీ దగ్గర వంగి వాసన చూసి, "లోపల పులిసిపోయింది పెద్దాయనా. కొన్నాళ్ళు పేడ వెయ్యకండి. బాగా నడుస్తున్న గోబర్ గ్యాస్ ఎవరింట్లో ఉందో చూసి, వాళ్ళ గుంతలోంచి నాలుగు డబ్బాల జావ తెచ్చి పొయ్యండి. తోడు పడాలి" అని తాతయ్యకి చెప్పాడు.

తోడు! పెరుగుకి వేసినట్టు. నాకు భలే అనిపించింది. కానీ పెరుగు రాత్రికి రాత్రి తోడుకుంటుంది కదా. దీనికి నెల దాటింది. ఆ నెలంతా అమ్మమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని దగ్గుతూ వండింది. నా సెలవులు అయిపోయాయి, నీలం మంట మళ్ళీ వచ్చిందన్న కబురు ఫోన్లోనే విన్నాను.

అంత ఆలస్యం ఎందుకు? మా స్కూల్లో అడిగితే "బ్యాక్టీరియా పెరగడానికి టైమ్ పడుతుంది" అన్నారు. సగం నిజం. గోబర్ గ్యాస్ గుంతలో జరిగేది రిలే పరుగు లాంటిది. మొదట కొన్ని బ్యాక్టీరియా పేడలోని పీచుని ముక్కలు చేస్తాయి. ఇంకొన్ని ఆ ముక్కల్ని ఆమ్లాలుగా మారుస్తాయి. తర్వాత వచ్చే బ్యాచ్ ఆ ఆమ్లాల్ని వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. ఇక్కడిదాకా వంటకి పనికొచ్చే మీథేన్ ఇంకా రాలేదు. చివరి చెయ్యి ఇంకొకరిది. వాళ్ళు హైడ్రోజన్‌నీ, కార్బన్ డయాక్సైడ్‌నీ కలిపి, లేదా ఎసిటిక్ ఆమ్లాన్ని చీల్చి, మీథేన్ చేస్తారు. ముందున్న బ్యాక్టీరియా కొంచెం మొండివి. ఫినాయిల్ పడినా, చలి పెట్టినా తొందరగా కోలుకుని మళ్ళీ ఆమ్లం తయారుచేస్తాయి. చివరి వాళ్ళు సుకుమారం. గాలిలో ఆక్సిజన్ తగిలినా పనిచెయ్యలేరు, పెరగడమూ చాలా నెమ్మది. వాళ్ళు లేకపోతే ఆమ్లాన్ని తినేవాళ్ళు లేరు. అది పేరుకుంటుంది. ఆ పులుపు మిగిలిన కొద్దిమందినీ చంపుతుంది. మేస్త్రి ముక్కుకి తగిలిన వాసన అదే.

ఆ చివరి వాళ్ళు బ్యాక్టీరియా కాదు. వాళ్ళ పేరు ఆర్కియా. మా స్కూల్ చెప్పిన దాంట్లో తప్పిన సగం ఇదే.

"సూక్ష్మజీవి అంటే సూక్ష్మజీవే, పేరు ఏదైతే ఏంటి" అనుకుంటున్నారా? 1977 దాకా ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా అచ్చం అలాగే అనుకున్నారు. మైక్రోస్కోప్‌లో చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. చిన్న గుండ్లు, చిన్న కడ్డీలు, లోపల కేంద్రకం ఉండదు. రూపం చూసి ఏమీ తేల్చలేం.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్ అని ఒకాయన ఉండేవాడు. చదువుకున్నది ఫిజిక్స్, ఆ తర్వాత బయోఫిజిక్స్. రూపం పక్కన పెట్టి అక్షరాలు చదవాలన్నాడు. ప్రతి కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం ఉంటుంది కదా, రైబోజోమ్. దాంట్లో ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క ఉంటుంది. అది లేకుండా ఏ జీవీ బతకదు కాబట్టి, కోట్ల ఏళ్ళయినా అది చాలా నెమ్మదిగా మాత్రమే మారుతుంది. ఇద్దరిలో ఆ ముక్క ఎంత తేడాగా ఉంటే, వాళ్ళ చుట్టరికం అంత దూరమన్నమాట.

ఇప్పుడు ఈ పని మెషిన్ గంటల్లో చేసేస్తుంది. అప్పట్లో? సూక్ష్మజీవుల్ని రేడియోధార్మిక ఫాస్ఫరస్‌తో పెంచి, ఆర్‌ఎన్‌ఏని ఎంజైమ్‌తో ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కరెంటుతో విడదీసి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద పడ్డ నల్ల చుక్కల్ని చూడాలి. లైట్ వెలిగే బల్ల మీద ఫిల్మ్ పరిచి, ఏ చుక్క ఏ అక్షరాల వరసో తలబద్దలు కొట్టుకోవాలి. వోస్ ఏళ్ళ తరబడి ఆ పనే చేశాడు. చూసేవాళ్ళకి పిచ్చి అనిపించే పని.

1976లో పక్క ల్యాబ్‌లోని రాల్ఫ్ వుల్ఫ్ ఆయనకి మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవుల్ని ఇచ్చాడు. మన గోబర్ గ్యాస్ గుంతలోని వాళ్ళ బంధువులే. ఫిల్మ్ మీద, బ్యాక్టీరియా అన్నిటిలో తప్పకుండా కనిపించే కొన్ని చుక్కలు లేవు. పొరపాటేమో అని మళ్ళీ చేశారు. మళ్ళీ లేవు. అప్పుడు వోస్ వెళ్ళి వుల్ఫ్‌తో, ఇవి అసలు బ్యాక్టీరియానే కాదన్నాడు. 1977 నవంబర్‌లో జార్జ్ ఫాక్స్‌తో కలిసి పేపర్ వేశాడు. జీవానికి ఉన్నది రెండు కొమ్మలు కాదు, మూడు అని. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది.

సంబరాలు జరిగాయనుకుంటున్నారా? నోబెల్ బహుమతి వచ్చిన సాల్వడార్ లూరియా, వుల్ఫ్‌కి ఫోన్ చేసి, ఈ చెత్త నుంచి బయటకి రా, లేకపోతే నీ కెరీర్ పాడవుతుందని హెచ్చరించాడట. వుల్ఫ్ తర్వాత తానే రాసుకున్నాడు. వోస్‌ని చాలా ఏళ్ళు పక్కన పెట్టారు. నాకు ఇక్కడ కోపం వచ్చేది ఒక్కదానికే. ఆయన డేటాలో తప్పుంది అని ఎదురు ప్రయోగం చేసి చూపించి ఉంటే సరే. బ్యాక్టీరియా అంటే బ్యాక్టీరియానే అని అందరికీ తెలుసు కదా, అన్నదే వాళ్ళ వాదన. 1990లో ఈ మూడో గుంపుకి ఆర్కియా అన్న పేరు స్థిరపడింది. వోస్‌కి 2003లో క్రాఫోర్డ్ బహుమతి వచ్చింది. నోబెల్ రాలేదు. 2012 డిసెంబర్‌లో చనిపోయాడు.

సరే, తేడా అక్షరాల్లోనేనా? కాదు. కణం చుట్టూ ఉండే పొర చూడండి. మన కణాలకీ బ్యాక్టీరియాకీ కొవ్వులు ఎస్టర్ అనే బంధంతో అతుక్కుని ఉంటాయి. ఆర్కియాలో ఈథర్ అనే ఇంకాస్త గట్టి బంధం. కొవ్వు తోకలే వేరు. ఇంకోటి, బ్యాక్టీరియా గోడలో పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం ఉంటుంది. పెన్సిలిన్ పడగొట్టేది దాన్నే. ఆర్కియాలో అది లేదు. లేని గోడని పెన్సిలిన్ ఏం కూలుస్తుంది చెప్పండి!

మొదట్లో ఇవన్నీ వేడినీటి ఊటల్లో, ఉప్పు మడుల్లో మాత్రమే బతికే విచిత్ర జీవులనుకున్నారు. ఉప్పు మడుల్లో నీళ్ళు బాగా చిక్కబడ్డాక గులాబీ రంగు తిరుగుతాయి చూశారా, అందులో వీటి వాటా పెద్దదే. కానీ తర్వాత వెతికిన ప్రతిచోటా దొరికాయి. 2005లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక అక్వేరియం ట్యాంకులోంచి తీసిన ఆర్కియా, అమ్మోనియాని ఆక్సీకరణ చేసి బతుకుతోందని తేలింది. సముద్రంలో, నేలలో నైట్రోజన్ చక్రం తిప్పేవాళ్ళలో ఇలాంటివి పెద్ద గుంపు. మన చర్మం మీద కూడా వాటి బంధువులు ఉన్నాయి. గాభరా పడకండి.

ఇంకో మెలిక. జపాన్ శాస్త్రవేత్తలు 2006లో సముద్రంలో రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి బురద తెచ్చారు. దాన్ని స్పాంజి ముక్కలు వేలాడదీసిన గొట్టంలో, మీథేన్ ఇస్తూ 2000 రోజులు పెంచారు. ఆ తర్వాత చిన్న ట్యూబుల్లో పెంచుతూ, అంతా కలిపి 12 ఏళ్ళు పట్టింది ఒక్క ఆర్కియాని పట్టుకోవడానికి. అది ఒకటి రెండవడానికే 14 నుంచి 25 రోజులు. మా అమ్మమ్మ గోబర్ గ్యాస్ నయం! 2020లో పేపర్ వచ్చింది. ఇది ఎందుకంత ముఖ్యమంటే, 2015లో స్వీడన్‌లోని ఒక బృందం సముద్రపు బురదలోని డీఎన్‌ఏ చదివి, ఈ కుటుంబంలో మన కణాల్లో మాత్రమే ఉంటాయనుకున్న జన్యువులు ఉన్నాయని చూపించింది. మొక్క, పుట్టగొడుగు, గేదె, మీరు, నేను, అందరం ఇలాంటి ఒక పాత ఆర్కియా, ఒక బ్యాక్టీరియాతో కాపురం పెట్టడం వల్ల వచ్చామని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. ఆ బ్యాక్టీరియానే మన మైటోకాండ్రియా. అంటే వోస్ గీసిన మూడు కొమ్మల్లో మనది విడి కొమ్మ కాదు, ఆర్కియా కొమ్మకి వచ్చిన చిగురు అయ్యుండొచ్చు. అది చూడ్డానికి ఆయన లేడు.

ఇప్పుడు కడుపులోకి వద్దాం. ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు "గట్ హెల్త్" యాడ్సే కదా.

మన పెద్దపేగులో మెథనోబ్రెవిబ్యాక్టర్ స్మితై అనే ఆర్కియా ఉంటుంది. పేరులో బ్యాక్టర్ ఉందని మోసపోకండి, ఆ పేరు పాత అలవాటు. ఇది గోబర్ గ్యాస్ గుంతలోలాగే హైడ్రోజన్ తిని మీథేన్ వదులుతుంది. మనుషుల్లో సుమారు మూడో వంతు మంది ఊపిరిలో ఆ మీథేన్ కొలిచేంత ఉంటుంది. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి వస్తుందన్నమాట. మన కణాలు చెప్పుకోదగ్గంత మీథేన్ చెయ్యవు కాబట్టి, ఊపిరిలో అంత ఉందంటే లోపల ఆర్కియా పనిలో ఉన్నట్టే. దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తియ్యటి నీళ్ళు తాగించి, కొంతసేపటికోసారి సంచిలోకి ఊదమంటారు.

ఇది మంచిదా, చెడ్డదా? ఒక లెక్క చూడండి. నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలిస్తే వచ్చేది ఒక్క మీథేన్, రెండు నీళ్ళు. ఐదు గ్యాస్ అణువులు ఒకటయ్యాయి! ఇంకా ముఖ్యం, హైడ్రోజన్ పేరుకుంటే పీచుని అరిగించే బ్యాక్టీరియా పని మందగిస్తుంది. దాన్ని ఊడ్చేసేవాళ్ళలో ఈ ఆర్కియా ఒకటి. మరోవైపు, మలబద్ధకం ఉన్నవాళ్ళ ఊపిరిలో మీథేన్ ఎక్కువగా కనిపిస్తోంది. కుక్కల మీద చేసిన ప్రయోగంలో పేగులోకి మీథేన్ పంపిస్తే ఆహారం కదలిక బాగా నెమ్మదించింది. అలాగని మీథేనే మలబద్ధకం తెస్తోందా, లేక కదలిక నెమ్మదిగా ఉన్న పేగులో నెమ్మదిగా పెరిగే ఈ జీవులకి స్థిరపడే టైమ్ దొరుకుతోందా? విత్తు ముందా చెట్టు ముందా. బహుశా రెండూ కొంచెం కొంచెం.

ఇప్పటిదాకా మనిషికి జబ్బు తెచ్చేదని రుజువైన ఆర్కియా ఒక్కటీ లేదు. చిగుళ్ళ జబ్బు బాగా ముదిరిన చోట ఒక రకం ఎక్కువగా దొరికింది, నిజమే. కానీ అక్కడ దోషి అదేనా, పక్కన నిలబడ్డదా తేలలేదు. అందుకే ఎవరైనా "మీ కడుపులో చెడ్డ ఆర్కియా ఉంది, ఈ డబ్బా కొనండి" అంటే జేబు గట్టిగా పట్టుకోండి. బ్యాక్టీరియా కోసం తయారుచేసిన చాలా టెస్ట్ పద్ధతులు ఆర్కియాని సరిగ్గా పట్టుకోలేవు కూడా. మలబద్ధకం నెలల తరబడి వదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగడం మాత్రం వద్దు. అన్నీ అన్నిటి మీదా పనిచెయ్యవని ఇందాకే చూశాం.

గేదె కడుపు సంగతి ఒక్క మాటలో. పశువు మీథేన్‌లో ఎక్కువ శాతం వెనకనుంచి కాదు, త్రేన్పుల్లో నోట్లోంచి వస్తుంది. మీమ్స్ చేసేవాళ్ళు గమనించగలరు.

నేను ఎక్కువ మాట్లాడాలనుకున్నది వరి మడి గురించి. చిన్నప్పుడు నీళ్ళు నిలిచిన మడిలో కాలు పెడితే బుడబుడమని బుడగలొచ్చేవి కదా. 1776లో ఇటలీలో వోల్టా, మన వోల్ట్‌కి పేరిచ్చిన ఆయనే, సరస్సు ఒడ్డున బురదని కర్రతో కెలికి ఇలాంటి బుడగల్నే పట్టి వెలిగించి చూశాడు. అదీ మీథేనే. నీళ్ళు నిలిస్తే మట్టిలోకి గాలి వెళ్ళదు. గాలి లేకపోతే ఆర్కియాకి పండగ. దమ్ములో కలిసిన గడ్డి, మోళ్ళు కుళ్ళి వాటికి మేత. పైగా వరి మొక్క కాండంలో వేరుకి గాలి పంపే గొట్టాలుంటాయి. మీథేన్ అవే గొట్టాల్లోంచి చిమ్నీలా పైకి వస్తుంది. బుడగలు మనకి కనిపించేవి, అసలు ఎక్కువ భాగం మొక్క లోంచే పోతుంది.

వందేళ్ళ లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్ల దాకా, ఇరవై ఏళ్ళ లెక్కలో 80 రెట్ల దాకా వేడి పుట్టిస్తుంది. మనుషుల పనుల వల్ల వచ్చే మీథేన్‌లో వరి వాటా 8 నుంచి 10 శాతం. ఇందులో ఉపాయం కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన పద్ధతి. చిల్లులు పెట్టిన పైపు ముక్కని మడిలో పాతాలి. పైపులో నీటి మట్టం నేలకి 15 సెంటీమీటర్లు కిందకి దిగేదాకా ఆగి, అప్పుడే మళ్ళీ నీళ్ళు పెట్టాలి. పూత దశలో మాత్రం ఎండనివ్వకూడదు. మధ్యమధ్యలో గాలి తగిలితే ఆర్కియా పని ఆగుతుంది. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, నీళ్ళూ ఆదా. నత్రజని ఎరువు ఎక్కువైతే నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది, అది చూసుకోవాలి. మనకి శ్రీ సాగు రోజుల నుంచి ఆరుతడి మాట కొత్తేం కాదు.

ఇదంతా నేను మామయ్యకి వీడియో కాల్‌లో ఉత్సాహంగా చెప్పాను. ఫినాయిల్ మామయ్యే. ఆయన పొలం సాగర్ ఎడమ కాలువ కింద. అంతా విని, "మరి వారబందీలో నీళ్ళు వచ్చిన రోజు నేను పెట్టుకోకపోతే, నా మడి ఎండినప్పుడు నీ సైంటిస్టు కాలువ వదుల్తాడారా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నీళ్ళు ఎప్పుడొస్తాయో నమ్మకం లేని రైతు, వచ్చినప్పుడే మడి నిండా నింపుకుంటాడు. అది అజ్ఞానం కాదు, భయం. బోరు ఉన్నవాడికి ఆగే అవకాశం ఉంది. కానీ కరెంటుకి బిల్లు లేనప్పుడు ఆగాల్సిన అవసరం ఏముంది? కాలువ టైమ్‌టేబుల్ ముందే తెలిస్తే, ఆదా చేసినవాడికి ఏదైనా దక్కితే అప్పుడు పైపు పాతమని చెప్పొచ్చు. అది చెయ్యకుండా రైతుని వేలెత్తి చూపించే రీల్స్ చూస్తే నాకు చిరాకు.

అయినా మామయ్య ఈ సీజన్‌లో బోరు కిందున్న అరెకరంలో ఒక పైపు పాతాడు. పాత డ్రిప్ సామాను లోంచి ముక్క కోసి, దబ్బనం కాల్చి చిల్లులు పెట్టాడు. నిన్న ఫోటో పంపించాడు. కింద మెసేజ్: "12 సెంటీమీటర్లు దిగింది. ఇంకా ఆగనా?"

ఆగమన్నాను. కోత అయ్యాక దిగుబడి ఎంతో, ఎన్ని తడులు తగ్గాయో ఆయన్నే ఎపిసోడ్‌కి పిలిచి అడుగుదాం. అప్పటిదాకా ఉంటాను.